ఎనిమిదేళ్ళ పాత ట్రైలర్: వెలగని ఫర్నేస్, ఉబ్బిన గోడ, ఏటా చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: ఎనిమిదేళ్ళ పాత ట్రావెల్ ట్రైలర్, అంటే వాహనం వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి బండి, కొన్నారు. బయటి కరెంటు తగిలించినప్పుడు ఫర్నేస్, అంటే గ్యాస్‌తో గది వేడిచేసే యంత్రం, శుభ్రంగా వెలుగుతోంది. బ్యాటరీ మీద మాత్రం తెల్లవారుజామున ఫ్యాన్ తిరుగుతుంది గానీ మంట రాదు. చూసిన మెకానిక్ కంట్రోల్ బోర్డు మార్చాలన్నారు. పడకగది మూల బయటి గోడ కాస్త ఉబ్బినట్టుంది, "పాతబడితే మామూలే" అని అమ్మినాయన అన్నారు. ఇవి కాక ఇలాంటి ఇల్లులాంటి బండ్లలో (ఆర్‌వీల్లో) తరచూ ఏవి చెడతాయి, ఏటా ఏం చూసుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. బోర్డు ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలకి నూటికి తొంభై పాళ్ళు తప్పు బ్యాటరీది, లేదంటే దాని వైర్లది. ఫర్నేస్ కన్నా అత్యవసరం ఆ ఉబ్బిన గోడ. అది మామూలు కాదు, నీళ్ళు లోపలికి పోతున్నాయి. వచ్చే వాన లోపు అది ఎక్కణ్ణుంచి పోతోందో పట్టుకోండి. ప్రయాణం ఏదైనా పెట్టుకుని ఉంటే టైర్ల తయారీ తేదీ చూడకుండా బండి కదిలించకండి. ఈ మూడూ, చివర్లో చెప్పే డిటెక్టర్లూ అయ్యాక మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

ఎన్నో ఏళ్ళుగా ఇవే బాగుచేస్తున్నాను కాబట్టి ఒక మాట. ఆర్‌వీలో ఏది చెడినా వెనక మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది: నీళ్ళు దూరడం, వోల్టేజ్ తగ్గడం, రోడ్డు కుదుపు. యంత్రం తనంతట తాను చచ్చిపోవడం తక్కువ. అందుకే పార్టు మార్చే ముందు ఈ మూడింటినీ కొట్టేసుకుంటూ వెళ్ళాలి. చాలా చోట్ల తిరగేసి చేస్తారు, ముందు పార్టు మారుస్తారు, తర్వాత కారణం వెతుకుతారు.

ఫర్నేస్ సంగతి. థర్మోస్టాట్ వేడి అడగగానే ముందు ఫ్యాన్ తిరుగుతుంది. ఆ గాలి తోపుకి లోపల ఒక పల్చటి రేకు కదిలి స్విచ్ నొక్కుతుంది. దాన్నే సెయిల్ స్విచ్ అంటారు. గాలి సరిగ్గా ఆడుతోందని ఆ స్విచ్ చెబితే తప్ప బోర్డు గ్యాస్ వదలదు, నిప్పురవ్వ పుట్టించదు. ఫ్యాన్ దాదాపు ముప్పావు వంతు వేగం అందుకోకపోతే ఆ రేకు కదలదు. బ్యాటరీ నీరసించి వోల్టేజ్ పడిపోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చెవికి తేడా తెలియదు, కానీ ఆ వేగం ఉండదు. బయటి కరెంటు తగిలించగానే, దాన్ని బ్యాటరీ వోల్టేజ్‌కి మార్చే కన్వర్టర్ 13 వోల్టుల పైచిలుకు ఇస్తుంది, ఫర్నేస్ లేచి కూర్చుంటుంది. అంటే బోర్డు బాగానే ఉందని మీ ఫర్నేసే సాక్ష్యం చెబుతోంది.

మల్టీమీటర్ ఒకటి తెచ్చుకోండి, ఖరీదైనది అక్కర్లేదు. బయటి కరెంటు తీసేసి, కొన్ని గంటలు ఊరకే వదిలి బ్యాటరీ కొలవండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.1 దగ్గరుంటే సగం అయిపోయినట్టు. ఆ సగం కన్నా కిందికి తరచూ దించితే పలకల మీద సల్ఫేట్ పేరుకుని బ్యాటరీ ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. తర్వాత ఫర్నేస్ వేసి, ఫ్యాన్ తిరుగుతుండగా రెండు చోట్ల కొలవండి: బ్యాటరీ కొనల దగ్గర ఒకసారి, ఫర్నేస్‌కి వెళ్ళే వైర్ల దగ్గర ఒకసారి. బ్యాటరీ దగ్గరే 11 వోల్టులకి పడిపోతే బ్యాటరీ అయిపోయినట్టే. బ్యాటరీ దగ్గర 12.4 ఉండి ఫర్నేస్ దగ్గర 11.3 ఉందంటే దోవలో ఎక్కడో దొంగ ఉన్నాడు. ఎక్కువగా దొరికేది ట్రైలర్ చట్రానికి బిగించిన గ్రౌండ్ (మైనస్) వైరు బోల్టు దగ్గరే. తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, మెరిసే లోహం కనబడేదాకా గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు రాస్తే ఏళ్ళపాటు మళ్ళీ చూడక్కర్లేదు. ఒకాయన బోర్డు, ఇగ్నైటర్, చివరికి థర్మోస్టాట్ కూడా మార్పించుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన బండిలో చెడింది ఆ బోల్టు ఒక్కటే.

వోల్టేజ్ బాగుండీ మంట రాకపోతే అప్పుడు ఫర్నేస్ విప్పి సెయిల్ స్విచ్ చూడాలి. దుమ్ము, కుక్క వెంట్రుకలు చుట్టుకుని రేకు కదలకుండా పోతుంది. గాలి లోపలికి పీల్చుకునే జాలీకి అడ్డంగా దుప్పట్లు, పెట్టెలు పెట్టారేమో కూడా చూడండి. మంచం కింద సామాను కుక్కితే ఫర్నేస్ వేడెక్కి లిమిట్ స్విచ్ ఆపేస్తుంది, కాసేపటికి మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. దాన్ని కూడా బోర్డు మీదికే నెడతారు.

ఇక గోడ. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను చూసిన పాత ఆర్‌వీల్లో బాగుచేయలేక వదిలేయాల్సి వచ్చినవి దాదాపు అన్నీ నీళ్ళ వల్లే పోయాయి. ఇంజన్ మార్చుకోవచ్చు, ఫ్రిజ్ మార్చుకోవచ్చు, కుళ్ళిన గోడలు మార్చడమంటే బండి మళ్ళీ కట్టడమే.

ఇప్పటి ట్రైలర్ల గోడలు చాలావరకు పొరలు అంటించి చేస్తారు: బయట ఫైబర్‌గ్లాస్, దాని వెనక పల్చటి ప్లైవుడ్, మధ్యలో నురగ పలక, లోపల మళ్ళీ ప్లైవుడ్. ఆ ప్లైవుడ్‌లోకి నీళ్ళు చేరితే జిగురు వదిలేస్తుంది, ఫైబర్‌గ్లాస్ విడిపోయి బుడగలా లేస్తుంది. ఎండలో పక్కనుంచి గోడ మీదుగా చూస్తే అలల్లా కనబడుతుంది. బొటనవేలితో నొక్కండి. లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తే పొర విడిపోయినట్టే. లోపలి వైపు అదే చోట గోడ మెత్తగా ఉందా, బీరువా మూల ముక్కవాసన వస్తోందా, నేల అంచు కాలు పెడితే దిగుతోందా చూడండి. పిన్నులు గుచ్చే చెమ్మ మీటర్ దొరుకుతుంది, చెక్కలో 20 శాతం దాటితే అక్కడ నీళ్ళు తిరుగుతున్నట్టే లెక్క.

నీళ్ళు కనబడిన చోటే లోపలికి రాలేదు. ఇది గుర్తుపెట్టుకోకపోతే ఏళ్ళ తరబడి తప్పు చోట సీలెంట్ పూస్తూ ఉంటారు. రూఫ్ మీద ముందువైపు ఎక్కడో దూరిన నీరు చట్రం పట్టుకుని జారి జారి వెనక మూల బయటపడుతుంది. మీ పడకగది మూల ఉబ్బిందంటే నేను ఈ వరసలో చూస్తాను: పైన రూఫ్, గోడ కలిసే అంచు పట్టీ, ఆ మూలన ఉన్న చిన్న మార్కర్ లైట్లు, వాటి వెనక గాస్కెట్ ఎండిపోయి ఉంటుంది, మూల నిలువు పట్టీ, దాని స్క్రూల మీది ప్లాస్టిక్ తొడుగు కుంచించుకుపోయి ఉంటుంది, కిటికీ చట్రం పై అంచు, వెనక నిచ్చెన ఉంటే దాని కాళ్ళు బిగించిన చోటు. కిటికీ అడుగున నీళ్ళు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. వాటిని లీకు అనుకుని మూసేసినవాళ్ళూ ఉన్నారు. అవి తెరిచే ఉండాలి.

వెతకడానికి మంచి పద్ధతి గాలితో పరీక్ష. రూఫ్ మీద గాలి పోయే వెంట్‌లో పెద్ద బ్లోయర్ బిగించి, తలుపులు, కిటికీలు మూసి లోపల కాస్త ఒత్తిడి పెంచి, బయట సబ్బునీళ్ళు చల్లుతారు. గాలి ఎక్కడ బయటికి వస్తుందో అక్కడ బుడగలు లేస్తాయి. ఈ పరికరం ఉన్న షాపు దొరికితే చేయించుకోండి, ఊహించుకుంటూ పూయడం కన్నా నయం. లేకపోతే నీళ్ళ గొట్టం చాలు. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట గొట్టంతో. కింద నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి రండి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏది కారణమో తేలదు. ప్రెషర్ వాషర్ మాత్రం వాడకండి, లేని లీకులు పుట్టిస్తుంది.

సీలెంట్ విషయంలో నాకు కాస్త కోపం ఉంది, క్షమించండి. సిలికాన్ పూయకండి. ఇంట్లో స్నానాలగదికి పనికొచ్చేది రూఫ్ మీద పనికిరాదు. సరిగ్గా అతుక్కోదు. పైగా ఒకసారి పూశాక దాని మీద ఇంకేదీ అంటదు, తర్వాత చేసేవాళ్ళు గంటల తరబడి గీకాలి. రూఫ్ మీద అడ్డంగా ఉన్న చోట్ల, అంటే వెంట్‌లు, ఆంటెన్నా, స్క్రూ తలల చుట్టూ, తనంతట తాను సర్దుకునే ల్యాప్ సీలెంట్ పోయాలి. డైకార్ కంపెనీవి లాంటివి ఇందుకే చేశారు. నిలువు గోడల మీద అది కారిపోతుంది, అక్కడ జారని రకం వేరే ఉంటుంది. లైటు, కిటికీ, పట్టీ ఏది విప్పినా కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు పట్టీ) కొత్తది వేసి బిగించాలి. అసలు ఆపేది ఆ టేపే, పైన గీసే సీలెంట్ గీత రెండో కాపలా మాత్రమే. పాత సీలెంట్ గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని మొత్తం పీకనక్కర్లేదు, శుభ్రం చేసి పైన కొత్తది పోయొచ్చు. పగిలి, లేచి ఉన్నంతవరకే తీయండి.

మీ రూఫ్ ఏ రకమో తెలుసుకోండి: ఈపీడీఎం అనే రబ్బరా, టీపీఓ అనే ప్లాస్టిక్కా, ఫైబర్‌గ్లాసా. సీలెంట్ దానికి పనికొస్తుందో లేదో డబ్బా మీద రాసి ఉంటుంది. ఈపీడీఎం మీద పెట్రోలియం కలిసిన క్లీనర్లు వాడితే ఉబ్బిపోతుంది. దాని మీద తెల్లటి పొడి రావడం, గోడల మీద తెల్ల చారలు కారడం మామూలే, భయపడకండి. రూఫ్ మీదికి ఎక్కేటప్పుడు ఒక ప్లైవుడ్ ముక్క వేసుకుని దాని మీద మోకాళ్ళు ఆనించండి. మూడు నెలలకోసారి పైకెక్కి చూడమని చెబుతారు. అది కుదరకపోతే ఏడాదికి రెండుసార్లయినా, ముఖ్యంగా వానాకాలం, చలికాలం ముందు.

ఉబ్బిన చోటు తిరిగి చదునవుతుందా అని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. నిజం చెబితే, అంగుళాల్లో ఉంటే ఎండబెట్టి రెసిన్ ఎక్కించి అదిమిపెట్టి కొంత సరిచేయొచ్చు. పెద్దదైతే గోడ పలక మార్చాలి, అది పాత ట్రైలర్‌కి గిట్టుబాటు కాదు. నా సలహా: లీకు ఆపండి, లోపలి నుంచి తెరిచి బాగా ఆరనివ్వండి, కుళ్ళిన చెక్క ఉంటే ఆ మేరకు మార్చండి, ఉబ్బు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. ఆర్నెల్ల తర్వాత కూడా ఆ గీత దాటకపోతే దాని జోలికి పోకండి. చూపుకి బాగుండదు, అంతే.

టైర్లు. ట్రైలర్ టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. గాడులు కొత్తవాటిలా కనబడుతుంటాయి, లోపల రబ్బరు ఎండిపోయి ఉంటుంది. అమెరికాలో అమ్మే టైర్ల పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. ట్రైలర్ టైర్లని అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య మార్చేయడం మంచిది. మీది ఎనిమిదేళ్ళ బండి, అమ్మినాయన టైర్లు మార్చకపోతే ఇవి పోవడానికి సిద్ధంగా ఉన్నాయనే అనుకోండి. పేలిన టైరు తనొక్కటే పోదు. దాని పీలికలు కొరడాలా కొట్టి పైన నేలనీ, నీళ్ళ గొట్టాన్నీ, గ్యాస్ గొట్టాన్నీ చీల్చేస్తాయి.

టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి, అంటే కదలకముందు పొద్దున్నే. ట్రైలర్ టైర్లకి సాధారణంగా పక్కగోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడే పెడతారు. బండి స్టిక్కర్ ఏం చెబుతోందో కూడా చూసుకోండి. ఎస్‌టీ రకం, అంటే ట్రైలర్ల కోసమే చేసిన టైర్లలో, పక్కగోడ మీద వేరే వేగ గుర్తు లేనివాటి వేగ పరిమితి గంటకి 65 మైళ్ళు, అంటే దాదాపు 105 కిలోమీటర్లు. అది దాటి లాగితే వేడెక్కుతాయి. సామాను నింపిన బండిని ఒకసారి తూకం వేయించండి. తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎక్కువ వేగం మూడూ కలిస్తే కొత్త టైరు కూడా నిలవదు.

చక్రం విప్పి బిగించాక 15, 40, 80 కిలోమీటర్ల దగ్గర మళ్ళీ ఆపి నట్లు టార్క్ రెంచితో చూడండి. ఇది ఎవరూ చేయరు, చక్రం ఊడిపోయిన వాళ్ళు మాత్రం ఆ తర్వాత ప్రతిసారీ చేస్తారు. బేరింగులు ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్ళకి విప్పి శుభ్రం చేసి కొత్త గ్రీజు పట్టించాలి. కొన్ని యాక్సిళ్ళకి బయటినుంచే గ్రీజు కొట్టే ముక్కు ఉంటుంది. సౌకర్యమే గానీ గన్నుతో గట్టిగా, తొందరగా కొడితే వెనక సీలు తోసుకుని గ్రీజు బ్రేకు షూల మీద పడుతుంది, ఇక ఆ చక్రానికి బ్రేకు ఉండదు. చక్రం తిప్పుతూ నెమ్మదిగా కొట్టాలి. దారిలో ఆగినప్పుడల్లా నాలుగు హబ్బుల వేడినీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. ఎంత వేడి అన్నది పెద్ద విషయం కాదు. మిగతా మూడిటికీ ఒకదానికీ తేడా కనబడితే దాన్ని వదలకండి.

కరెంటు. ఉత్తర అమెరికాలో చిన్న బండ్లకి 30 ఆంపుల ప్లగ్గు, పెద్దవాటికి 50 ఆంపులది. పేరు చూస్తే రెట్టింపు లోపు తేడా అనిపిస్తుంది గానీ 30 ఆంపులదానికి 120 వోల్టుల ఒకే తీగ, మొత్తం 3,600 వాట్లు. 50 ఆంపులదానికి అలాంటివి రెండు, మొత్తం 12,000 వాట్లు. మీది 30 అయితే ఏసీ, మైక్రోవేవ్, నీళ్ళ హీటరు ఒకేసారి నడవవు. బ్రేకర్ పడిపోవడం రిపేరు కాదు, లెక్క.

ఇంట్లో ఈ ప్లగ్గు పెట్టించుకుంటే జాగ్రత్త. ఇళ్ళ కరెంటు పనివాళ్ళు కొందరు 30 ఆంపులు అనగానే బట్టలారబెట్టే యంత్రానికి ఇచ్చినట్టు 240 వోల్టులు ఇచ్చేస్తారు. తగిలించిన క్షణంలో కన్వర్టర్, మైక్రోవేవ్, ఏసీ అన్నీ పోతాయి. ప్లగ్గు పెట్టే ముందు మీటర్‌తో మీరే కొలవండి. రద్దీగా ఉన్న క్యాంపుల్లో దీనికి తిరగేసిన సమస్య వస్తుంది: మధ్యాహ్నం అందరి ఏసీలూ నడుస్తుంటే వోల్టేజ్ 105 కన్నా కిందికి దిగుతుంది, ఏసీ కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. వోల్టేజ్ తగ్గినా పెరిగినా తానే తెంపేసే ఈఎంఎస్ అనే పరికరం పెట్టుకుంటే రెండింటికీ కాపలా. ఉత్త సర్జ్ ప్రొటెక్టర్ తక్కువ వోల్టేజ్‌ని ఆపదు.

తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమన్నా, జివ్వుమన్నా వెంటనే వెనక్కి జరిగి, బయటి కరెంటుని స్తంభం దగ్గరి బ్రేకర్ దించి ఆపండి. గ్రౌండ్ తెగి బండి చర్మానికి కరెంటు వస్తున్నట్టు. తడి నేల మీద నిలబడి ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. కారణం తేలేదాకా మళ్ళీ తగిలించకూడదు.

"బయటి సాకెట్లు పనిచేయట్లేదు" అని ఫోన్లు తెగ వస్తాయి. స్నానాలగదిలోనో వంటింట్లోనో ఉన్న జీఎఫ్‌సీఐ సాకెట్ (కరెంటు లీకైతే తానే తెంపేసేది) బటన్ నొక్కితే చాలు, చాలా బండ్లలో బయటివన్నీ దాని వెనకే ఉంటాయి. అలాగే బ్యాటరీ మార్చినప్పుడు ప్లస్, మైనస్ తారుమారు చేస్తే కన్వర్టర్ మీదున్న రివర్స్ పోలారిటీ ఫ్యూజులు కాలిపోతాయి. కొత్త కన్వర్టర్ కొనేముందు అవి చూడండి. లిథియం బ్యాటరీకి మారాలనుకుంటే పాత కన్వర్టర్ దాన్ని నిండుగా చార్జ్ చేయలేకపోవచ్చు. పైగా సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా చలిలో లిథియాన్ని చార్జ్ చేయకూడదు, సెల్ లోపల పాడవుతుంది. మీరు చలిలో ఫర్నేస్ వాడుతున్నారు కాబట్టి చెబుతున్నాను, లోపల వేడి చేసుకునే రకమో, చలిలో చార్జ్ ఆపుకునే రకమో చూసి తీసుకోండి.

గ్యాస్. పొయ్యి మంట చిన్నగా వస్తే అందరూ రెగ్యులేటర్‌ని తిడతారు. ముందు ఇది చేయండి: పొయ్యి, ఫర్నేస్, హీటరు అన్నీ ఆపి, సిలిండర్ మూసి, రెండు నిమిషాలాగి, వాల్వ్‌ని బాగా నెమ్మదిగా తెరవండి. గబుక్కున తెరిస్తే లీకు అనుకుని లోపలి భద్రతా వాల్వ్ గ్యాస్‌ని సన్నగా పిండేస్తుంది. సగం కేసులు ఇంతటితో సరి. గొట్టాల కీళ్ళన్నీ ఏడాదికోసారి సబ్బునీళ్ళతో చూడండి. ఒత్తిడి కొలవడం, అంటే 11 అంగుళాల నీటిమట్టం దగ్గర ఉందో లేదో మానోమీటర్‌తో చూడడం, తెలిసినవాళ్ళకి వదిలేయండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం స్విచ్‌లు ముట్టకుండా బయటికొచ్చి సిలిండర్ మూయండి.

మట్టిగూళ్ళు కట్టే కందిరీగల గురించి ఎవరూ చెప్పరు. ఫర్నేస్, నీళ్ళ హీటరు గొట్టాల్లో గూళ్ళు పెడతాయి, గాలి ఆడక మంట పసుపుపచ్చగా, మసిగా వస్తుంది. బయటి గొట్టాలకి సన్నని తీగ జాలీలు దొరుకుతాయి. అయితే ఫర్నేస్ పొగగొట్టం మీద జాలీ పెట్టడాన్ని కొందరు తయారీదారులు వద్దంటారు, మీ మాన్యువల్ చూసి పెట్టండి.

ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచే రకమైతే అది మట్టంగా నిలబడాలి. లోపల అమోనియా, నీళ్ళు, హైడ్రోజన్ గురుత్వాకర్షణతో తిరుగుతాయి, కంప్రెసర్ లేదు. పక్కవాటుగా 3 డిగ్రీలు, ముందువెనకలుగా 6 డిగ్రీలు దాటి వాలి గంటలకొద్దీ నడిస్తే బాయిలర్ దగ్గర వేడెక్కి గొట్టం పూడుకుపోతుంది. అది మళ్ళీ బాగుపడదు. వెనక జాలీ తీసినప్పుడు పసుపు రంగు పొడి కనబడినా, అమోనియా వాసన వచ్చినా ఆపేయండి. "సాయంత్రం వేశాను, రాత్రికి చల్లబడలేదు" అంటే అది చెడినట్టు కాదు, పన్నెండు గంటలైనా పడుతుంది. బయల్దేరే ముందురోజే వేసుకోవాలి. అమెరికాలో ఉంటే బండికిచ్చే 17 అక్షరాల గుర్తింపు (విన్) నంబర్‌తో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినవి, కూడా వెతకండి. ఈ రకం ఫ్రిజ్‌ల మీద నిప్పు ప్రమాదం వల్ల గతంలో పెద్ద రీకాల్స్ వచ్చాయి. అవి పరికరాల పేరుతో కూడా ఉంటాయి కాబట్టి ఫ్రిజ్ మోడల్ నంబర్‌తో విడిగా వెతకడం మరవకండి.

నీళ్ళ వైపు: బయటి నల్లాకి 40 నుంచి 50 పీఎస్ఐ దగ్గర ఆపే రెగ్యులేటర్ లేకుండా గొట్టం తగిలించకండి. ఎవరూ కుళాయి తిప్పకపోయినా రాత్రి పంపు అప్పుడప్పుడూ గర్రుమంటే ఎక్కడో చుక్క కారుతోంది, లేదా పంపులోని వెనక్కి పోనివ్వని వాల్వ్ అరిగింది. పంపు ఆగకుండా తిరుగుతూ నీళ్ళు రాకపోతే ముందున్న జల్లెడ గిన్నె వదులై గాలి పీలుస్తోందేమో చూడండి. నీళ్ళ హీటరు స్టీలు ట్యాంకు రకమైతే, సబర్బన్ కంపెనీవి అలాంటివే, అందులో ఆనోడ్ కడ్డీ ఉంటుంది. ట్యాంకు బదులు తాను తినబడడమే దాని ఉద్యోగం. ముప్పావు వంతు కరిగితే మార్చండి. అల్యూమినియం ట్యాంకులకి అది అక్కర్లేదు. విప్పే ముందు ఒత్తిడి తీసి, చల్లారనివ్వాలి, లేదంటే మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. ట్యాంకులో నీళ్ళు లేకుండా కరెంటు మీద వేస్తే ఎలిమెంట్ కాసేపట్లోనే కాలిపోతుంది. చలికాలం తర్వాత, నీళ్ళు హీటరులోకి పోకుండా పక్కకి మళ్ళించే బైపాస్ వాల్వ్ తిరిగి తిప్పడం మర్చిపోయిన ప్రతి ఒక్కరికీ ఇదే జరుగుతుంది.

చలికాలానికి మూసేటప్పుడు గొట్టాల్లోకి ఆర్‌వీ యాంటీఫ్రీజ్, అంటే ప్రొపిలీన్ గ్లైకాల్ రకం, గులాబీరంగుది ఎక్కించాలి. కారుకి పోసేది విషం, నీళ్ళ గొట్టాల్లో దాని ఊసే వద్దు. షవర్, సింకు, బయటి షవర్ దేన్నీ మరవకండి. వసంతంలో పగిలే గొట్టాల్లో బయటి షవర్‌దే పెద్ద వాటా.

మరుగుదొడ్డి ట్యాంకుకి ఒకటే రూలు: ఎక్కువ నీళ్ళు, మూసిన వాల్వ్. మురుగు గొట్టం తగిలించి వాల్వ్ తెరిచి వదిలేస్తే నీళ్ళు పోతాయి, గట్టిది కుప్పగా మిగిలి రాయవుతుంది. మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారి వదలండి, తర్వాత నాలుగైదు లీటర్లు నీళ్ళు పోసి ఉంచండి. ట్యాంకు ఖాళీ చేశాకా ప్యానెల్ నిండుగానే చూపిస్తే నమ్మకండి, సెన్సర్ల మీద కాగితం అంటుకుని ఉంటుంది.

బయటికి జరిగే గది ఉంటే రెండు మాటలు చాలు. బండి మట్టం చేశాకే జరపండి, బ్యాటరీ నిండుగా ఉండాలి. రెండు వైపులా మోటార్లు విడివిడిగా ఉన్న రకాల్లో వోల్టేజ్ తగ్గితే ఒకటి ముందు, ఒకటి వెనక అయి వంకరగా ఇరుక్కుంటుంది. చేత్తో లోపలికి తిప్పుకునే పద్ధతి ఎక్కడుందో ఇంటి దగ్గరే చూసి పెట్టుకోండి, వానలో మాన్యువల్ వెతకలేరు.

ఏసీకి ఫిల్టరు కడగడం, లోపలికి పోయే గాలికీ బయటికొచ్చే గాలికీ 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ తేడా ఉందో చూడడం, పైన గాస్కెట్ బోల్టులు వదులవకుండా ఉన్నాయో చూడడం. ఈ గాస్కెట్ కింద కారే నీళ్ళని కూడా ఏసీ చెమట అనుకుంటారు.

చివరగా, గ్యాస్ డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ రెండిటి వెనకా తయారీ తేదీ, గడువు ఉంటాయి, సాధారణంగా అయిదు నుంచి పదేళ్ళ మధ్య. మీ బండిలో అవి మొదటినుంచీ ఉన్నవే అయితే బటన్ నొక్కితే కూస్తాయి, అది సైరన్ పరీక్షే గానీ సెన్సర్ పరీక్ష కాదు. చలిలో ఫర్నేస్ నడిపి నిద్రపోతున్నారు కాబట్టి గోడ సంగతి చూసేలోపే వీటిని మార్చండి. ఫర్నేస్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరా, ఫర్నేస్ దగ్గరా కొలిచిన రెండు వోల్టేజ్‌లు, టైర్ల చివరి నాలుగు అంకెలు, ఆ మూల పైన రూఫ్ అంచు ఫోటో పెట్టండి, తర్వాతి అడుగు చెబుతాను.